షాపు కొత్తది, చేతిలో డబ్బు తక్కువ: ఫ్రీ ఆఫీస్ సాఫ్ట్‌వేర్లతో నడుస్తుందా?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది ఖమ్మం. నేనూ మా బావమరిదీ కలిసి సీసీ కెమెరాలు, ఇన్వర్టర్లు బిగించే షాపు పెట్టాం, నాలుగు నెలలవుతోంది. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్, జీఎస్టీ తీసుకున్నాం. ఫీల్డ్‌లో ఇద్దరు కుర్రాళ్ళు ఉంటారు, షాపులో మా ఆవిడ కూర్చుని కొటేషన్లు, బిల్లులు చూస్తుంది. రెండు సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లు కొన్నాం. అమ్మినాయన ఎమ్మెస్ ఆఫీస్ వేసే ఇచ్చాడు కానీ ఇప్పుడు తెరవగానే పైన ఎర్రగా యాక్టివేట్ చేయమని వస్తోంది, టైప్ కూడా చేయనివ్వట్లేదు. ఒకతను 500 ఇస్తే కీ ఇస్తా, లైఫ్‌టైమ్ అంటున్నాడు. ఒరిజినల్ రెండు మిషన్లకి కొనడం ఇప్పుడు మావల్ల కాదు. ఫ్రీవి ఉన్నాయంటున్నారు, వాటితో పని జరుగుతుందా? ఆడిటర్ గారు ఎక్సెల్‌లోనే పంపమంటారు. స్కూళ్ళకి, పంచాయతీలకి తెలుగులో లెటర్లు పెట్టాలి. ఇంకోటి, చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్‌కి ఒక వెబ్‌సైట్‌లో 2 వేలు అడిగారు, కట్టొచ్చా?

జవాబు: తమ్ముడూ, పని జరుగుతుంది. మీ సైజు షాపుకి ఈరోజు ఆఫీస్ సాఫ్ట్‌వేర్ మీద రూపాయి పెట్టక్కర్లేదు. ఒక్కచోట మాత్రం ఎక్సెల్ కొనక తప్పకపోవచ్చు, అది చివర్లో చెప్తాను.

ముందు ఆ 500 కీ సంగతి. ఆ ధరకి బయట తిరిగే కీలు చాలావరకు ఏదో పెద్ద సంస్థకో కాలేజీకో గుత్తగా ఇచ్చిన లైసెన్సుల్లోంచి జారిపడ్డవే. కొన్నాళ్ళు పనిచేస్తాయి, కంపెనీ వాళ్ళు కనిపెట్టి ఆ కీని ఆపేసిన రోజున మళ్ళీ అదే ఎర్ర పట్టీ, అప్పటికి కీ అమ్మినోడి నంబర్ స్విచ్చాఫ్. కీ లేకుండా యాక్టివేటర్ అని చిన్న ప్రోగ్రామ్ రన్ చేసి పెట్టేవాళ్ళు ఇంకొందరు, వాళ్ళు ముందు యాంటీవైరస్ ఆపమంటారు చూడండి, అక్కడే అర్థం చేసుకోవాలి. అదే మిషన్లో మీరు నెట్ బ్యాంకింగ్ చేస్తారు, జీఎస్టీ పోర్టల్ తెరుస్తారు, దాంట్లోకి ఎవడు రాశాడో తెలియని ప్రోగ్రామ్‌ని తలుపులు తీసి మరీ పిలవడం దేనికి? చట్టం కూడా ఉంది. 1957 కాపీరైట్ చట్టంలో 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ వాడితే కనీసం 7 రోజుల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. ఇంట్లో సొంతానికి వాడినోడికి జైలు లేకుండా వదిలే వీలు ఆ సెక్షన్‌లోనే పెట్టారు, వ్యాపారానికి వాడినోడికి ఆ వెసులుబాటు లేదు. మీది వ్యాపారం.

సరే, ఇప్పుడు పనిలోకి. "ఎమ్మెస్ ఆఫీస్ బదులు ఏది" అని అడిగితే ఎవరైనా ఒక పేరు చెప్పి పంపిస్తారు, కానీ మీ షాపులో ఆఫీస్ అంటే మూడు రకాల పనులు కలిసిపోయి ఉన్నాయి. కొటేషన్లు, లెటర్లు లాంటి కాగితాల పని ఒకటి. ఏ కస్టమర్‌కి ఏ కెమెరా బిగించాం, ఏఎంసీ (ఏడాది సర్వీసు కాంట్రాక్టు) ఎప్పుడు, స్టాక్ ఎంతుంది అనే లిస్టులు, వీటిని షాపులో మీ ఆవిడ చూడాలి, ఫీల్డ్‌లో కుర్రాళ్ళూ చూడాలి. మూడోది బిల్లులు. ఈ మూడింటినీ ఒకే ఎక్సెల్ ఫైల్లో కుక్కితేనే ఆరు నెలలకి ఏది ఎక్కడుందో తెలియకుండా పోతుంది. మూడింటికీ వేరే వేరే ఫ్రీ సాధనాలు పెట్టుకోండి, తేలిగ్గా ఉంటుంది.

కాగితాల పనికి రెండు కంప్యూటర్లలోనూ లిబ్రేఆఫీస్ వేయండి. వర్డ్ బదులు రైటర్, ఎక్సెల్ బదులు క్యాల్క్, పవర్‌పాయింట్ బదులు ఇంప్రెస్. ఇంటికి, షాపుకి, ఎన్ని మిషన్లకైనా ఫ్రీ, వ్యాపారానికి వాడినా లైసెన్స్ అడ్డు లేదు. నెట్ లేకపోయినా పనిచేస్తుంది. దీన్ని జర్మనీలోని డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే సంస్థ చూసుకుంటుంది. అక్కడి ష్లెస్విగ్ హోల్‌స్టైన్ రాష్ట్ర ప్రభుత్వం 30 వేల కంప్యూటర్లని దీనికి మారుస్తామని 2024లో ప్రకటించింది, మన పక్కన కేరళ సర్కారు స్కూళ్ళలో పిల్లలు ఏళ్ళుగా ఇలాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్ల మీదే నేర్చుకుంటున్నారు, కాబట్టి ఇదేదో చిన్నాచితకా యాప్ అనుకోవద్దు. డౌన్‌లోడ్ మాత్రం లిబ్రేఆఫీస్ డాట్ ఆర్గ్ నుంచే చేయండి, గూగుల్‌లో వెతికితే పైన ప్రకటనల్లో వచ్చే సైట్లలో పడితే ఇంకేవేవో అంటగడతారు. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఇదే సాఫ్ట్‌వేర్‌కి కొంచెం డబ్బు అడుగుతుంది, అది కూడా ఆ సంస్థే పెట్టింది, మోసమేం కాదు, కానీ సైట్లో ఊరికే దొరుకుతుంటే అక్కడ ఎందుకు.

ఓపెన్‌ఆఫీస్ అని ఇంకోటి కనిపిస్తుంది, పేరు పాతకాలం నుంచి విన్నాం కదా అని చాలామంది అదే దించుకుంటారు. రెండూ ఒక ఇంట్లోంచి వచ్చినవే, దాన్ని నడిపే సన్ కంపెనీని ఒరాకిల్ వాళ్ళు కొన్నాక 2010 సెప్టెంబర్లో పనిచేసేవాళ్ళలో చాలామంది విడిపోయి లిబ్రేఆఫీస్ మొదలుపెట్టారు. మిగిలిన ఓపెన్‌ఆఫీస్ 2014లో వచ్చిన 4.1 దగ్గరే దాదాపు ఆగిపోయింది, అది కొత్త రకం వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళని తెరుస్తుంది గానీ ఆ రకంలో సేవ్ చేయలేదు. ఆడిటర్ గారితో పనున్న మీకు అది పనికిరాదు.

లిబ్రేఆఫీస్ వేసిన వెంటనే నాలుగైదు చోట్ల చెయ్యి పెట్టాలి, ఇవి చేయకుండా మొదలుపెట్టినవాళ్ళే రెండో రోజు "ఇదేం బాలేదు" అని వదిలేస్తారు. వ్యూ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్ అని ఉంటుంది, అందులో ట్యాబ్డ్ ఎంచుకుంటే పైన మెనూలు ఎమ్మెస్ ఆఫీస్‌లో లాగా వరసగా వస్తాయి, మీ ఆవిడకి అలవాటైన చోటే బటన్లు దొరుకుతాయి. తర్వాత టూల్స్‌లో ఆప్షన్స్, అందులో లోడ్ సేవ్, దాని కింద జనరల్. అక్కడ "ఆల్వేస్ సేవ్ యాజ్" దగ్గర టెక్స్ట్ డాక్యుమెంట్‌కి వర్డ్, స్ప్రెడ్‌షీట్‌కి ఎక్సెల్ అని పెట్టేయండి. మామూలుగా ఇది ఓడీటీ, ఓడీఎస్ అనే తన సొంత రకాల్లో సేవ్ చేస్తుంది, ఆడిటర్ గారికి అవి పంపితే "ఇదేం రకం ఫైలండీ" అని ఫోన్ వస్తుంది. ఈ ఒక్క సెట్టింగ్‌తో ఆయనకి మీరు ఏం వాడుతున్నారో కూడా తెలియదు, ఎక్సెల్ ఫైలే అందుతుంది.

అదే ఆప్షన్స్‌లో లాంగ్వేజెస్ దగ్గర లొకేల్ ఇంగ్లీష్ ఇండియా పెట్టండి, రూపాయి గుర్తు వస్తుంది, తేదీ మనలాగా రోజు ముందు వస్తుంది. కామాలు లక్షల లెక్కన పడుతున్నాయో లేదో కూడా చూసుకోండి, కొటేషన్లో 1,25,000 అని ఉండాల్సింది 125,000 అని పోతే కస్టమర్ రెండుసార్లు చదువుకోవాలి. గడి మీద రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ సెల్స్‌లో మార్చుకోవచ్చు, ఒకసారి మీ కొటేషన్ నమూనాలో మార్చి పెట్టేసుకుంటే అదే ఉంటుంది.

కొటేషన్ నమూనా అన్నాను కదా, మీ పాతది క్యాలిబ్రి ఫాంట్‌లో ఉండి ఉంటుంది, ఆ ఫాంట్ మైక్రోసాఫ్ట్‌ది. లిబ్రేఆఫీస్ దాని బదులు కార్లిటో అని అదే వెడల్పున్న ఫాంట్ తనతో తెస్తుంది, అందుకని లైన్లు పెద్దగా కదలవు. కదిలేవి ఎక్కువగా ఎక్కడంటే లెటర్‌హెడ్ మీద లోగో, టెక్స్ట్ బాక్సులు, స్పేస్ బార్ కొట్టి కొట్టి జరిపిన అక్షరాలు. అవి ఉంటే పాతదాన్ని సరిచేస్తూ కూర్చోకండి, గంట కూర్చుని రైటర్‌లో కొత్తగా చేసుకోవడమే నయం. కస్టమర్‌కి ఎప్పుడూ పీడీఎఫ్‌గానే పంపండి, పైన బటన్ ఉంటుంది, ఒక్క నొక్కుతో అవుతుంది. వాట్సాప్‌లో వర్డ్ ఫైల్ పంపితే వాళ్ళ ఫోన్లో అడ్డదిడ్డంగా కనపడుతుంది, పైగా ఎవరైనా రేటు మార్చుకుని "మీరిచ్చిందే కదా" అంటే అదో తలనొప్పి.

తెలుగు లెటర్ల దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. లిబ్రేఆఫీస్‌లో తెలుగుకి ఫాంట్ వేరేగా ఉంటుంది, ఇంగ్లీష్‌కి వేరేగా ఉంటుంది. లాంగ్వేజెస్ సెట్టింగ్‌లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అని ఒక వరస ఉంది, అక్కడ తెలుగు ఎంచుకోవాలి. ఆ తర్వాత ఫార్మాట్‌లో క్యారెక్టర్ తెరిస్తే ఫాంట్ పేజీలో తెలుగుకి విడిగా ఫాంట్, సైజు పెట్టుకోవచ్చు. ఇది తెలియక పైన సైజు మారుస్తుంటే అంకెలు, ఇంగ్లీష్ ఒక సైజులో, తెలుగు ఇంకో సైజులో వచ్చి లెటర్ అసహ్యంగా తయారవుతుంది. ఫాంట్లు కూడా మంచివి ఫ్రీగా ఉన్నాయి. సిలికానాంధ్ర వాళ్ళు, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి తెచ్చిన, ఏ మిషన్లో తెరిచినా అక్షరాలు చెడని యూనికోడ్ రకం ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి, మండలి, రామభద్ర, సురవరం, ఎన్టీఆర్, గిడుగు ఇలా చాలా ఉన్నాయి. నా ఓటు లెటర్ లోపలికి మండలి, పైన హెడ్డింగ్‌కి రామభద్ర. టైపింగ్‌కి విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ ఉంది, సెట్టింగ్స్‌లో లాంగ్వేజ్ కలుపుకుంటే సరి.

ఒకమాట, మీకు ఎవరైనా డీటీపీ ఆయన పాత తెలుగు లెటర్ ఫైల్ ఇచ్చి ఉంటే అది బహుశా అనూ ఫాంట్లలో ఉంటుంది. ఆ ఫాంట్ లేని మిషన్లో తెరిస్తే పిచ్చి గీతలు, ఇంగ్లీష్ ముక్కలు కనిపిస్తాయి, అది లిబ్రేఆఫీస్ తప్పు కాదు, వర్డ్‌లో తెరిచినా అంతే. రెండు పేజీల లెటర్ అయితే యూనికోడ్‌లో మళ్ళీ టైప్ చేసుకోండి, ఫోన్లో కూడా చదువుకోవచ్చు, ఎవరికి పంపినా అక్షరాలు చెడవు.

మిగతావి రెండు ముక్కల్లో చెప్తాను. ఓన్లీఆఫీస్ అని ఇంకో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, చూడ్డానికి అచ్చం ఎమ్మెస్ ఆఫీస్, వర్డ్ ఫైళ్ళ రూపం బాగా నిలబెడుతుంది, నచ్చితే అది వేసుకోండి, కాకపోతే ఒత్తులు, వట్రసుడులు ఉన్న తెలుగు పేజీ ఒకటి టైప్ చేసి ప్రింట్ తీసి చూసుకున్నాకే. డబ్ల్యూపీఎస్ ఫ్రీదాంట్లో ప్రకటనలు వస్తాయి, పీడీఎఫ్ పనికి వెళ్తే చాలాసార్లు డబ్బు కట్టమంటుంది, నేనైతే షాపు మిషన్లో పెట్టను. మైక్రోసాఫ్ట్ వాళ్ళే బ్రౌజర్‌లో నడిచే వర్డ్, ఎక్సెల్ ఫ్రీగా ఇస్తారు, ఖాతా తెరిస్తే 5 జీబీ జాగా. ఆడిటర్ గారు పంపిన ఫైల్ లిబ్రేఆఫీస్‌లో తేడాగా కనిపించినప్పుడు అసలు రూపం ఎలా ఉందో చూసుకోడానికి అది బాగా పనికొస్తుంది.

ఇప్పుడు రెండో పని, లిస్టులు. ఇది ఫోన్లో కుర్రాళ్ళ చేతిలో ఉండాలి కాబట్టి గూగుల్ షీట్స్ తీసుకోండి, ఇక్కడ లిబ్రేఆఫీస్ పనికిరాదు, ఇద్దరు చెరో చోట నుంచి ఒకే ఫైల్ దిద్దడం దానికి చేతకాదు. సాఫ్ట్‌వేర్ సంగతి ఇంతే. అసలు చూసుకోవాల్సింది ఆ షీట్ ఎవరి ఖాతాలో పుట్టింది అనేది. నాకు తెలిసిన ఏసీ సర్వీసు ఆయన ఒకాయన ఉన్నారు, చురుకైన కుర్రాడు దొరికాడు, వాడు తన సొంత జీమెయిల్లో షీట్ చేసి కస్టమర్లు, ఫోన్ నంబర్లు, సర్వీస్ తేదీలు అన్నీ ఎక్కించి ఓనర్‌కి చూసే వీలు మాత్రం ఇచ్చాడు. జీతం దగ్గర మాటా మాటా వచ్చి కుర్రాడు ఎండాకాలం మొదట్లోనే మానేశాడు, మర్నాడు ఓనర్ ఫోన్లో షీట్ తెరుచుకోలేదు. కుర్రాడు పక్క వీధిలోనే సొంత సర్వీసు పెట్టుకున్నాడు, కస్టమర్ లిస్టు వాడి దగ్గరుంది. గూగుల్ లెక్కలో ఆ ఫైల్ వాడిదే, ఎవరికి చెప్పుకుంటారు?

అందుకని షాపు పేరు మీద ఒక జీమెయిల్ తెరవండి, మీది కాదు, మీ బావమరిదిది కాదు, షాపుది. రికవరీ నంబర్ ఒకటి మీది, రికవరీ మెయిల్ మీ బావమరిదిది పెట్టుకోండి, ఇద్దరి చేతిలోనూ ఉంటుంది, రేపు మీలో మీకు ఏమొచ్చినా, రావద్దనే కోరుకుందాం, లెక్కలు ఒకరి ఫోన్లో ఇరుక్కుపోవు. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, అది ఇచ్చే బ్యాకప్ కోడ్లు ప్రింట్ తీసి పార్ట్‌నర్‌షిప్ డీడ్ పెట్టిన ఫైల్లోనే పెట్టండి. షీట్లన్నీ ఆ ఖాతాలోనే పుట్టాలి, కుర్రాళ్ళ మెయిళ్ళకి షేర్ చేయాలి, లింక్ ఉన్న ఎవరైనా తెరవొచ్చు అనే ఆప్షన్ మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, ఆ లింక్ వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కడికి పోతుందో తెలియదు. ఎవరైనా మానేస్తే ఆ సాయంత్రమే షేర్ లిస్టులోంచి పేరు తీసేయండి. ఇప్పటికే ఎవరి సొంత ఖాతాలోనైనా షీట్ ఉంటే, వాళ్ళతో బాగున్నప్పుడే "మేక్ ఎ కాపీ" కొట్టి షాపు ఖాతాలోకి తెచ్చుకోండి.

ఎవరు ఏ గడి మార్చారో కూడా తెలుస్తుంది, గడి మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ హిస్టరీ చూస్తే చాలు, నేను కాదంటే నేను కాదనే పంచాయితీ ఉండదు. రేట్లు ఉన్న కాలమ్‌కి ప్రొటెక్ట్ రేంజ్ పెట్టుకోండి, కుర్రాడి వేలు తగిలి 2,400 కాస్తా 240 అయిపోకుండా.

ఏఎంసీ షీట్ ఎలా కట్టుకోవాలో కూడా చెప్పేస్తా. కస్టమర్ పేరు, ఊరు, బిగించిన తేదీ, కెమెరాలెన్ని, డీవీఆర్ (రికార్డింగ్ డబ్బా) సీరియల్ నంబర్, చివరి సర్వీస్ తేదీ, తర్వాతి సర్వీస్ తేదీ, ఇంతే. ఆఖరిది మీరు టైప్ చేయకూడదు, ఈడేట్ అనే ఫార్ములా ఉంది, చివరి సర్వీస్ గడి చూపించి 3 అంటే మూడు నెలల తర్వాతి తేదీ తనే వేస్తుంది. తేదీ బదులు 46 వేల చిల్లర అంకె ఏదైనా కనిపిస్తే కంగారు పడొద్దు, కంప్యూటర్ రోజుల్ని అలాగే లెక్కపెడుతుంది, ఆ కాలమ్‌కి డేట్ ఫార్మాట్ ఇస్తే తేదీ అయిపోతుంది. కండిషనల్ ఫార్మాటింగ్‌తో గడువు దాటినవి ఎర్రగా వచ్చేలా పెట్టుకుంటే పొద్దున్నే కుర్రాళ్ళు ఎర్రవి చూసుకుని బండి తీస్తారు.

సీరియల్ నంబర్ల కాలమ్ విషయంలో జాగ్రత్త, మీ లైన్లో ఇది డబ్బులతో పని. టైప్ చేయడానికి ముందే ఆ కాలమ్ మొత్తం ప్లెయిన్ టెక్స్ట్ చేయాలి. లేకపోతే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, 15 అంకెలు దాటిన నంబరైతే చివరి అంకెలు సున్నాలైపోతాయి, మధ్యలో ఇంగ్లీష్ E అక్షరం ఉన్న 3E07 లాంటిదైతే అది 3 పక్కన ఏడు సున్నాలున్న పెద్ద అంకె అనుకుని మార్చి కూర్చుంటుంది. ఎక్సెల్, క్యాల్క్, షీట్స్ మూడింటికీ ఈ రోగం ఉంది. ఏడాది తర్వాత హార్డ్ డిస్క్ పోయి వారంటీకి పంపేటప్పుడు మీ షీట్లో నంబర్, డబ్బా మీద నంబర్ కలవకపోతే డిస్ట్రిబ్యూటర్ ఒప్పుకోడు.

ఇంకో మాట, మీరడగలేదు కానీ సీసీ కెమెరా వాళ్ళు దాదాపు అందరూ చేసే పని ఇది. కస్టమర్ల డీవీఆర్ పాస్‌వర్డ్‌లు ఆ షీట్లోనే ఒక కాలమ్ పెట్టి రాసేస్తారు. దయచేసి వద్దు. అవి ఎవరి ఇంటి హాలో, ఎవరి బంగారం షాపు కౌంటరో చూపించే తాళాలు. కీపాస్ ఎక్స్‌సీ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, నెట్ అక్కర్లేదు, ఒక్క మాస్టర్ పాస్‌వర్డ్ వెనక అన్నీ దాస్తుంది, అందులో పెట్టుకోండి, అది మీ ఇద్దరు పార్ట్‌నర్ల దగ్గరే ఉండాలి.

గూగుల్ ఫ్రీ జాగా 15 జీబీ, అది మెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ కలిపి. కుర్రాళ్ళు సైట్ ఫొటోలు, వీడియోలు అన్నీ ఆ ఖాతాలోకే ఎక్కిస్తే ఏడాదిలో నిండుతుంది, నిండితే మెయిళ్ళు రావడం కూడా ఆగిపోతుంది. ఫొటోలు నెలకోసారి షాపులో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి దించేయండి. అదే చేత్తో షీట్లన్నీ ఎక్సెల్ రకంలో డౌన్‌లోడ్ చేసి ఆ డిస్క్‌లోనే ఒక కాపీ పెట్టండి, డిస్క్‌ని ఊరికే మిషన్‌కి తగిలించి ఉంచకండి, వైరస్ వస్తే దానికీ పాకుతుంది. జీఎస్టీ చట్టం ప్రకారం ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు దాచాలి, అంటే ఆరేళ్ళు. ఈ సెకండ్ హ్యాండ్ మిషన్లు అన్నాళ్ళు బతుకుతాయన్న నమ్మకం నాకైతే లేదు.

బిల్లులకి వద్దాం. క్యాల్క్‌లో నమూనా చేసి బిల్లు కొట్టడం తప్పేం కాదు, చట్టం ఫలానా సాఫ్ట్‌వేర్ వాడమని మీలాంటి ఫర్మ్‌కి చెప్పలేదు. కానీ బిల్లు నంబర్ వరసగా ఉండాలి, ఆ ఆర్థిక సంవత్సరంలో ఒకే నంబర్ రెండుసార్లు రాకూడదు, 16 అక్షరాలు మించకూడదు. రెండు మిషన్ల మీద ఫైల్ కాపీ చేసి బిల్లులు కొడితే ఏదో ఒకరోజు ఇద్దరూ 57 నంబర్ కొడతారు, రిటర్న్ వేసేటప్పుడు ఆడిటర్ గారు పట్టుకుంటారు. కాబట్టి నంబర్ తనే వేసే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి. జోహో ఇన్వాయిస్ ఫ్రీ, మన చెన్నై కంపెనీ, జీఎస్టీ బిల్లు చక్కగా వస్తుంది, కొటేషన్‌ని ఒక్క నొక్కుతో బిల్లుగా మార్చుకోవచ్చు, ఇది మీ పనికి బాగా సరిపోతుంది. నెట్ మీదే నడుస్తుంది కాబట్టి నెట్ పోతే ఆగుతుంది. అలా కాకుండా మిషన్లోనే ఉండాలంటే ఫ్రాప్పే బుక్స్ చూడండి, అది కూడా మన దేశం వాళ్ళదే, ఓపెన్ సోర్స్, ఖాతాలు కూడా రాసుకోవచ్చు, కాకపోతే అలవాటు పడ్డానికి ఓ వారం పడుతుంది. ఏది పెట్టేముందైనా ఆడిటర్ గారికి ఒక ఫోన్ కొట్టి "నెలాఖరుకి మీకు ఏ రూపంలో కావాలి" అని అడగండి, ఆయన ఎలాగూ ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించుకుంటారు, ఎక్సెల్‌లో సేల్స్ లిస్ట్ దించి పంపితే చాలంటారు చాలామంది.

ట్యాలీ కూడా ఫ్రీగా వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటారు. వచ్చేది ఎడ్యుకేషనల్ మోడ్, అందులో నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీలు పడతాయి, అది నేర్చుకోడానికి ఇచ్చింది. మీ ఆవిడ నేర్చుకుంటానంటే వేసి ఇవ్వండి, షాపు లెక్కలకి కాదు.

రేపు మీరు ప్రైవేట్ లిమిటెడ్ చేస్తే మాత్రం కథ మారుతుంది. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఎప్పుడు ఏ ఎంట్రీ మార్చారో చెరపలేని రికార్డు ఉండాలని 2023 ఏప్రిల్ 1 నుంచి రూల్ ఉంది. అప్పుడు షీట్లలో లెక్కలు రాస్తే కుదరదు. పార్ట్‌నర్‌షిప్‌కి ఆ రూల్ లేదు.

స్కూళ్ళకి, ఆఫీసులకి కొటేషన్లు పంపుతారు కాబట్టి షాపు పేరుతో మెయిల్ ఉంటే బాగుంటుంది, తప్పనిసరేం కాదు, ఆరు నెలలాగినా నష్టం లేదు. డొమైన్ పేరు (నెట్‌లో షాపు సొంత అడ్రస్) ఏడాదికి కొన్ని వందలు పెట్టి కొనుక్కుంటే, జోహో మెయిల్ ఫ్రీ ప్లాన్‌లో ఐదుగురి దాకా మెయిల్ ఇస్తారు, ఒక్కొక్కరికి 5 జీబీ, బ్రౌజర్‌లోనో వాళ్ళ యాప్‌లోనో చూసుకోవాలి. ఇలాంటి ఫ్రీ ప్లాన్ల షరతులు మారుతుంటాయి, చేరే రోజు వాళ్ళ పేజీ చదువుకోండి.

మొదట్లో ఎక్సెల్ కొనాల్సి రావచ్చన్నాను కదా, అది టెండర్ల దగ్గర. ప్రభుత్వ టెండర్ పోర్టళ్ళలో రేట్లు నింపే షీట్లు కొన్ని మ్యాక్రోలతో, అంటే లోపల పెట్టిన చిన్న ప్రోగ్రాములతో వస్తాయి, వాటిని లిబ్రేఆఫీస్‌లో తెరిచి సేవ్ చేస్తే లోపల ఏదో కదిలి అప్‌లోడ్ అప్పుడు తీసుకోదు, గడువు రోజు సాయంత్రం అది తెలిస్తే ఏం చేస్తారు. జీఎస్టీ వాళ్ళ ఆఫ్‌లైన్ టూల్ కూడా ఎక్సెల్ ఉందనుకునే తయారైంది, అది ఆడిటర్ గారు చూసుకుంటారు కాబట్టి మీకు బాధ లేదు. పంచాయతీ కొటేషన్ల దాకా లిబ్రేఆఫీస్ చాలు, ఆన్‌లైన్ టెండర్లకి వెళ్ళే రోజున ఒక్క మిషన్‌కి ఒరిజినల్ కొనండి, రెండింటికీ అక్కర్లేదు. కొనేటప్పుడు బిజినెస్‌ది అడిగి తీసుకోండి, పర్సనల్, ఫ్యామిలీ అని చవగ్గా వచ్చేవి ఇంటి వాడకానికి ఇచ్చేవి.

మీ మిషన్లలో విండోస్ 10 ఉంటే దానికి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్ గానీ అంతకంటే కొత్తది గానీ ఉండాలి, సెకండ్ హ్యాండ్‌లో వచ్చేవి చాలా అంతకంటే పాతవే. ఎక్కకపోతే మీ ఆవిడ కూర్చునే మిషన్లో విండోస్ బదులు లైనక్స్ మింట్ వేయించండి, ఫ్రీ, లిబ్రేఆఫీస్ అందులోనే వస్తుంది, షీట్స్, బిల్లింగ్ బ్రౌజర్లో ఎలాగూ నడుస్తాయి. ముందు ప్రింటర్ పనిచేస్తుందో లేదో పెన్‌డ్రైవ్ మీంచి నడిపి చూసుకోండి, ఏమీ చెరపక్కర్లేదు. రెండో మిషన్ విండోస్‌లోనే ఉంచాలి, డీవీఆర్ కంపెనీల సాఫ్ట్‌వేర్లు, సైట్ ఫుటేజ్ తీసేవి ఎక్కువ విండోస్ మీదే నడుస్తాయని మీకు నాకంటే బాగా తెలుసు.

ఉద్యం రిజిస్ట్రేషన్‌కి 2 వేలు కట్టకండి. అది పూర్తిగా ఫ్రీ, ప్రభుత్వ పోర్టల్ అడ్రస్ చివర గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది, మేనేజింగ్ పార్ట్‌నర్ ఆధార్, ఫర్మ్ పాన్, జీఎస్టీ నంబర్ దగ్గర పెట్టుకుని కూర్చుంటే అరగంట పని, సర్టిఫికెట్ మెయిల్‌కి వస్తుంది. ఓటీపీ ఆధార్‌కి లింక్ అయిన నంబర్‌కే వస్తుంది, ఆ ఫోన్ పక్కనే పెట్టుకోండి.